యాసంగి ఉల్లిగడ్డ: రకాన్ని బట్టి దూరమా, దూరాన్ని బట్టి రకమా?

బత్తాయితోట_దేవరకొండ:
అందరికీ నమస్కారం. మాది దేవరకొండ దగ్గర ఎర్ర చెలక. ముదిరిన బత్తాయి తోటను తీసేసిన రెండెకరాల్లో బోరు, ఫిల్టరు, మెయిన్ పైపు అలాగే ఉన్నాయి కాబట్టి, కొత్త డ్రిప్పు లాటరల్ పైపులు పరిచి ఈ యాసంగిలో ఉల్లిగడ్డ వేయాలన్న ఆలోచనలో ఉన్నాను. అయితే ఎవరిని అడిగినా ఒకరి మాటకు ఇంకొకరి మాటకు పొంతన కుదరడం లేదు. పక్క ఊరి రైతు అన్ని వైపులా బెత్తెడు దూరంలో కుక్కి నాటితేనే సంచులు లెక్కకు వస్తాయంటాడు. విత్తనాల దుకాణంలో జానెడు దూరం పెడితే గడ్డ పిడికిలంత ఊరుతుందని చెప్పి పంపారు. సాగు పుస్తకాల్లో మాత్రం ఏ రకానికైనా 15 × 10 సెంటీమీటర్లనే (సాలుకూ సాలుకూ 15, మొక్కకూ మొక్కకూ 10) రాస్తున్నారు. అన్ని రకాలకూ, అన్ని కాలాలకూ ఒకే దూరం ఎలా సరిపోతుందన్నదే నా సందేహం. అనుభవం ఉన్నవారు కారణాలతో సహా చెప్పగలరని మనవి.

తుంగభద్ర_ఒడ్డు (అలంపూర్):
అన్నా, ముందు రకం తేల్చుకోండి, దూరం తర్వాత మాట. అందులోనూ రకం కన్నా ముందు కాలం చూడాలి. వానాకాలానికి వచ్చిన ఎన్-53, అగ్రిఫౌండ్ డార్క్ రెడ్, భీమా సూపర్ వంటివి మా నల్లరేగడిలో మంచి రంగుతో ఊరుతాయి గానీ వాటిని నిల్వ పెట్టుకోవడం కుదరదు. తీసిన కొద్ది వారాల్లోనే కర్నూలుకో హైదరాబాదుకో చేర్చాలి. యాసంగికి ఎన్-2-4-1, అగ్రిఫౌండ్ లైట్ రెడ్, భీమా శక్తి, భీమా కిరణ్, అర్క నికేతన్ వంటివి సరిపోతాయి. వీటికి మెడ సన్నగా ఉంటుంది, పైపొర గట్టిగా అంటుకొని ఉంటుంది, గాలి ఆడే చోట పెడితే నెలల తరబడి ఆగుతాయి. వానాకాలపు రకాన్ని యాసంగిలో వేసి, దూరం సరిగ్గా పెట్టలేదు కాబట్టి జంట గడ్డలు వచ్చాయని వాపోయేవారిని మా మార్కెట్లో ఏటా చూస్తుంటాను. జంట గడ్డ ప్రధానంగా రకం గుణం. దూరం, నీటి తడుల్లో హెచ్చుతగ్గులు, యూరియా అతిగా వేయడం దాన్ని పెంచుతాయే తప్ప పుట్టించవు.

మా దగ్గర వానాకాలంలో నారు పోయకుండా గింజను నేరుగా పొలంలో వెదజల్లే పద్ధతి కూడా ఉంది. అక్కడ దూరం అన్న మాటే ఉండదు. ఒకచోట గుబురు, ఒకచోట బోడి. కలుపు తీసేటప్పుడే పలుచన చేసుకోవాలి, దానికి కూలీలు దొరకరు. మీకు డ్రిప్పు ఉంది కాబట్టి ఆ దారి వద్దు.

మోజెర్ల_విద్యార్థిని:
నేను ఉద్యాన కళాశాలలో చదువుతున్నాను. దూరం ప్రభావం మొక్క లోపల ఎలా పనిచేస్తుందో తెలిస్తే పై ప్రశ్న సగం తేలిపోతుందని నా అభిప్రాయం.

ఉల్లిగడ్డలో మనం తినే పొరలు ఆకుల అడుగు భాగాలే. గడ్డ ఊరడం మొదలయ్యేలోపు మొక్క ఎన్ని ఆకులు వేసింది, అవి ఎంత బలంగా ఉన్నాయి అన్నదాన్ని బట్టే గడ్డ పరిమాణం చాలా మేరకు ఖాయమవుతుంది. ఊరడం మొదలుపెట్టమని మొక్కకు చెప్పేది పగటి నిడివి, దానికి తోడు వేడి. మన ప్రాంతంలో పగలు డిసెంబరు చివర సుమారు 11 గంటలు, మార్చి మూడో వారానికి 12 గంటలు, జూన్‌లో 13 గంటలు ఉంటుంది. అందుకే మనకు పొట్టి పగటి రకాలే పనికొస్తాయి. 14 గంటల పగలు కావాల్సిన శీతల దేశాల రకాల గింజ ఎంత ఖరీదు పెట్టి తెచ్చినా ఇక్కడ ఆకు తప్ప గడ్డ రాదు. నాటు జనవరికి జారితే గడ్డలు సన్నబడడానికీ ఇదే కారణం. తగినన్ని ఆకులు వేయకముందే పగలు సాగి, ఎండ ముదిరి, మొక్క ఊరే దశలోకి వెళ్లిపోతుంది.

ఇక దూరం విషయానికి వస్తే, పక్కపక్క మొక్కలు నీటికీ పోషకాలకూ పోటీ పడతాయన్నది అందరికీ తెలిసినదే. దానితోపాటు వెలుతురు సంగతి ఒకటి ఉంది. ఆకు ఎరుపు కాంతిని పీల్చుకొని, కంటికి సరిగా ఆనని దూర ఎరుపు కాంతిని వదిలేస్తుంది. మొక్కలు ఒత్తుగా ఉన్న మడిలో ఈ రెండోదాని వాటా పెరిగేసరికి, ఉల్లి దాన్ని పసిగట్టి తొందరగా గడ్డ ఊరడం మొదలుపెడుతుంది. కాబట్టి ఒత్తుగా నాటిన మడి ముందుగా కోతకు వస్తుంది, గడ్డ చిన్నదవుతుంది. పలుచగా నాటిన మడిలో ఆకులు ఎక్కువై గడ్డ పెద్దదవుతుంది గానీ, మెడ లావెక్కుతుంది, కోత ఆలస్యమవుతుంది, జంటగా చీలే గుణమున్న రకమైతే ఆ గుణం బయటపడుతుంది. లావు మెడ ఆరడం కష్టం, ఆరని మెడ నుంచే కుళ్లు లోపలికి దిగుతుంది. నిల్వ పెట్టి అమ్మాలనుకునేవారు గడ్డ సైజు ఒక్కటే చూసుకుంటే చాలదు.

బత్తాయితోట_దేవరకొండ:
చాలా వివరంగా చెప్పారమ్మా. కానీ నాకు చివరికి కావాల్సింది ఎకరానికి ఎన్ని క్వింటాళ్లన్న లెక్క. గడ్డ చిన్నదైనా సంఖ్య పెరుగుతుంది కదా, అప్పుడు మొత్తం బరువు పెరగాలి కదా?

విశ్రాంత_ఉద్యోగి_పాలెం:
ఆ లెక్క నేను చెబుతాను. ఉద్యాన శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ని. పుస్తకాల్లో 15 × 10కి ఎకరానికి 2 లక్షల 70 వేల మొక్కలని రాస్తారు. పొలమంతా అంచు నుంచి అంచు దాకా మొక్కలే ఉన్నప్పటి సంగతి అది. మీరు డ్రిప్పుతో బెడ్లు వేస్తారు. పైన 120 సెంటీమీటర్ల వెడల్పు బెడ్డు, పక్కన 45 సెంటీమీటర్ల కాలువ అనుకుంటే, నాలుగు వంతుల్లో ఒక వంతుకు పైగా నేల కాలువలకే పోతుంది. గుంటకు, అంటే ఎకరంలో నలభయ్యో వంతుకు, సుమారు 101 చదరపు మీటర్లలో నాటేది 73 నుంచి 74 చదరపు మీటర్లే. ఆ లెక్కన 15 × 10కి గుంటకు సుమారు 4,900 మొక్కలు, ఎకరానికి 1 లక్షా 96 వేలు. 10 × 10కి గుంటకు 7,360. 20 × 10కి 3,680.

నాటినవాటిలో వందకు 85 మొక్కలు కోత దాకా నిలిచాయనుకోండి. 15 × 10లో సగటు గడ్డ 60 గ్రాములు తూగితే గుంటకు రెండున్నర క్వింటాళ్లు, అంటే ఎకరానికి 100 క్వింటాళ్లు. ఇదే వంద క్వింటాళ్లు 10 × 10లో రావాలంటే గడ్డ 40 గ్రాములు తూగితే చాలు. 20 × 10లో రావాలంటే 80 గ్రాములు తూగాలి. కాబట్టి మీరు వేసుకోవాల్సిన ప్రశ్న ఏమిటంటే, నేను ఎంచుకున్న రకం, నా నేల, నా నీళ్లు దూరం తగ్గించినప్పుడు గడ్డను 40 గ్రాములకు పైన నిలబెడతాయా, దూరం పెంచినప్పుడు 80 గ్రాములు దాటిస్తాయా అన్నది. నిలబెడితే ఒత్తు నాటుదే పైచేయి, దాటిస్తే పలుచ నాటుది. సాధారణంగా దూరం తగ్గించినకొద్దీ మొత్తం బరువు కొంతవరకు పెరిగి ఆ తర్వాత పెరగడం మానేస్తుంది. ఒక హద్దు దాటాక పెరిగేది నారు ఖర్చు, కూలి ఖర్చు మాత్రమే. 10 × 10కి మొక్కలు ఒకటిన్నర రెట్లు కావాలని మరిచిపోవద్దు.

రకం ఇక్కడే లెక్కలోకి వస్తుంది. అర్క కల్యాణ్ వంటి పెద్ద గడ్డ రకాన్ని బెత్తెడు దూరంలో నాటడం ఆ రకానికి ఉన్న గుణాన్ని కట్టేయడమే. మీడియం గడ్డతో, సన్న మెడతో వచ్చే యాసంగి రకాలు ఒత్తును కొంత ఓర్చుకుంటాయి. వాటికి జానెడు దూరం ఇస్తే గడ్డ కొంత పెరుగుతుందేమో గానీ మొక్కల సంఖ్య తగ్గిన లోటును పూడ్చలేదు. దుకాణంలో చెప్పిన జానెడు లెక్క అటూ ఇటూ నిజంగా జానెడే అయితే, ఎకరానికి మొక్కలు లక్ష కూడా పట్టవు. ఆ సలహాను పక్కన పెట్టండి.

మలక్‌పేట_దుకాణం:
మార్కెట్ వైపు నుంచి ఒక మాట. ఇళ్లలోకి వెళ్లే సరుకుకు అయిదు సెంటీమీటర్ల చుట్టుపక్కల అడ్డుకొలత ఉండి, ఒకే సైజులో, పొర ఊడకుండా ఉన్న గడ్డకే గిరాకీ. హోటళ్లవాళ్లు పెద్ద గడ్డ అడుగుతారు, ఎందుకంటే పొట్టు తీసే పని తగ్గుతుంది. గోలీ సైజు గడ్డను వేరుగా కుప్ప పోస్తే ధర సగానికి పడిపోవడం మామూలే. జంట గడ్డలు, పూత కాడ వచ్చినవి కనిపిస్తే కొనేవాడు కుప్పంతటికీ ధర తగ్గించి పాడతాడు. వంద క్వింటాళ్లు పండినా అందులో పాతిక క్వింటాళ్లు సన్నవైతే రైతు చేతికి వచ్చేది మారిపోతుంది. అందుకని సగటు బరువు కన్నా గడ్డలన్నీ ఒకే తీరుగా ఉండటం ముఖ్యమని నా అభిప్రాయం. దేవరకద్ర, కర్నూలు మార్కెట్లకు వెళ్లేవారు కూడా ముందుగా అక్కడి కొనుగోలుదారుల రివాజు తెలుసుకోవాలి.

నాట్ల_ముఠా_కోయిల్‌కొండ:
నమస్తే అన్నా. నేను ఉల్లినారు నాటే ఆడవాళ్ల ముఠాను తీసుకొని ఊళ్లు తిరుగుతుంటాను. మీరందరూ సెంటీమీటర్లలో మాట్లాడుతున్నారు గానీ, పొలంలో దూరం ఎలా తప్పుతుందో మాకు తెలుసు. ఎకరానికి ఇంత అని గుత్త మాట్లాడితే ఎవరికైనా తొందరే ఉంటుంది. పొద్దున మొదటి బెడ్డులో దూరం సరిగ్గా ఉంటుంది, మధ్యాహ్నం దాటాక సాలులో మొక్కకూ మొక్కకూ ఒకచోట రెండు వేళ్లు, ఇంకోచోట ఆరు వేళ్లు అవుతుంది. మా ముఠాలో చేసేదేమిటంటే, బెడ్డు వెడల్పున్న కర్రకు 15 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున ఎనిమిది మేకులు కొట్టి, తడి ఆరిన బెడ్డు మీద ఇద్దరు పట్టుకొని లాగుతారు. ఎనిమిది గీతలు పడతాయి. గీత మీద మొక్కకూ మొక్కకూ మధ్య నాలుగు వేళ్లు ఆన్చి, ఇంకో వేలు చేర్చి గుచ్చితే పది సెంటీమీటర్లకు దగ్గరగా వస్తుంది. ఉత్త బెత్తెడే పెడితే ఏడెనిమిది సెంటీమీటర్లకు మించదు, మీ పక్క ఊరి రైతు లెక్క అదే.

నారు గురించి కూడా చెబుతాను. ఒక గుంతలో రెండు మొక్కలు కలిసి పడితే ఆ రెండూ ఒకదాన్నొకటి నొక్కుకొని ఒక వైపు చదునుగా ఊరుతాయి. నారు తీసేటప్పుడే సన్నవి, వంకరవి ఏరి పక్కన పడేయాలి, ఆకు కొసలు మూడో వంతు కత్తిరించాలి. వేరు మునిగేంత లోతు చాలు. లోతుగా దిగేస్తే గడ్డ గుండ్రంగా ఊరక కోలగా సాగుతుంది. నాటినవాళ్ల వెనుక ఒకరు నడుస్తూ వాలిన మొక్కలను సరిచేయాలి. ఆ ఒక్క మనిషి కూలి దండగని చాలామంది రైతులు ఒప్పుకోరు.

తుంగభద్ర_ఒడ్డు (అలంపూర్):
అక్క చెప్పిన మేకుల కర్ర మా దగ్గర కూడా వాడుతున్నారు. పాలెం సార్ లెక్కకు ఒక అడ్డు చెప్పాలి. వానాకాలంలో ఒత్తు నాటు లెక్క కాగితం మీదే బాగుంటుంది. ముసురు పట్టినప్పుడు ఒత్తు మడిలో ఆకు మీద తడి ఆరదు, ఊదా మచ్చ తెగులు ఒక మూలన మొదలైతే వారం తిరిగేసరికి మడి ఎండిన గడ్డిలా కనిపిస్తుంది. మా నల్లరేగడిలో వానాకాలానికి నేను 15 × 10కి తగ్గించను. యాసంగిలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి తెగులు భయం తక్కువ, కానీ ఫిబ్రవరి నుంచి తామర పురుగులు వస్తాయి. ఒత్తుగా ఉన్నచోట మందు ఆకు మధ్యలోకి దిగదు, పురుగు దాక్కునేది అక్కడే. ఆకు నున్నగా మైనంతో ఉంటుంది, జిగురు మందు కలపకపోతే కొట్టిన మందు జారి నేలపాలవుతుంది.

మోజెర్ల_విద్యార్థిని:
అన్నగారు చెప్పింది సరైనదే. దూరం, రకం రెండింటినీ కలిపి పరీక్షించే ప్రయోగాల్లో చూడాల్సింది కూడా ఇదే. మూడు రకాలు, మూడు దూరాలు తీసుకుంటే తొమ్మిది జోడీలు అవుతాయి. అన్ని రకాల్లోనూ ఒకే దూరం ముందుంటే రైతుకు దూరం ఒక్కటే చెబితే చాలు. అలా కాకుండా ఒక రకానికి 10 × 10, మరో రకానికి 15 × 10 ముందుంటే, దాన్ని పరస్పర ప్రభావం అంటారు. అప్పుడు రకం పేరు చెప్పకుండా దూరం చెప్పడంలో అర్థం లేదు. పట్టికలు చూసేటప్పుడు మొక్క ఎత్తు, ఆకుల సంఖ్య చూసి తొందరపడకూడదు. ఒత్తులో వెలుతురు కోసం సాగిన మొక్క ఎత్తుగా కనిపించవచ్చు. మొత్తం దిగుబడి ఒక వరుసలో, అమ్మకానికి పనికొచ్చే దిగుబడి ఇంకో వరుసలో ఉంటాయి, మనకు కావాల్సింది రెండోది. అంచు సాళ్లను లెక్కలో కలిపిన ప్రయోగమైతే దూరాల మధ్య తేడా చెదిరిపోతుంది, ఎందుకంటే అంచున ఉన్న మొక్కకు పక్కన ఖాళీ దొరికి గడ్డ బాగా ఊరుతుంది.

బత్తాయితోట_దేవరకొండ:
నా నేలకు వచ్చేసరికి ఒక ఇబ్బంది ఉంది. చెలకలో డ్రిప్పు నీరు పక్కలకు పాకదు, నేరుగా కిందికి దిగుతుంది. 120 సెంటీమీటర్ల బెడ్డుకు రెండు పైపులు చాలునా?

విశ్రాంత_ఉద్యోగి_పాలెం:
మంచి ప్రశ్న. రెండు పైపులను 60 సెంటీమీటర్ల ఎడంతో పరిస్తే, ఎనిమిది సాళ్లలో అంచు సాలూ నడిమి సాళ్లూ పైపుకు 22 సెంటీమీటర్లకు పైగా దూరంలో పడతాయి. నల్లరేగడిలో అక్కడిదాకా తడి పాకుతుంది. మీ చెలకలో పాకకపోతే ఆ సాళ్లలో గడ్డలు సన్నబడి, దూరం తప్పు పెట్టామన్న అపోహ కలుగుతుంది. డ్రిప్పర్ల మధ్య దూరం 30 సెంటీమీటర్లు ఉన్న పైపు తీసుకోండి. ఎక్కువసేపు ఒకేసారి వదలకుండా తక్కువసేపు తరచుగా వదలండి. పశువుల ఎరువు బాగా పట్టిస్తే తడి నిలుస్తుంది. ఇంత చేసినా నడుమ ఆరిపోతే మూడో పైపు వేయాల్సిందే, లేదా బెడ్డు వెడల్పు 90 సెంటీమీటర్లకు తగ్గించి ఆరు సాళ్లతో సరిపెట్టుకోవాలి.

నారు గురించి కూడా చెప్పాలి. గ్రాముకు రమారమి 250 నుంచి 300 గింజలు ఉంటాయి. ఎకరానికి మూడు కిలోలంటే ఏడున్నర నుంచి తొమ్మిది లక్షల గింజలు. మీకు కావాల్సింది రెండు లక్షల మొక్కలు. నారు కుళ్లుకూ, మొలవని గింజకూ పోయేది అంత ఉందన్నమాట. ఎత్తు మడుల మీద వరుసల్లో పలుచగా పోసుకుంటే రెండున్నర కిలోలతో గట్టెక్కవచ్చు. ఉల్లి గింజకు ఏడాది దాటితే మొలక శక్తి పడిపోతుంది, కాబట్టి నిరుటి గింజ ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దు. నవంబరు చివర నుంచి డిసెంబరు నడిమి దాకా, నారు ఏడు వారాలు దాటకుండా నాటండి. పెన్సిలు మందం దాటిన ముదురు నారు డిసెంబరు, జనవరి చలికి పూత కాడ వేస్తుంది. ఆ గడ్డ నడుమ బొంగులా గట్టిపడి అమ్మకానికి పనికిరాదు.

బత్తాయితోట_దేవరకొండ:
సరే సార్. నిల్వ పెట్టి జూన్, జూలైలో అమ్మాలన్నది నా ఉద్దేశం కాబట్టి భీమా శక్తి గానీ అగ్రిఫౌండ్ లైట్ రెడ్ గానీ తీసుకుంటాను. ఎక్కువ భాగం 15 × 10లో నాటి, మూడేసి బెడ్లు 10 × 10లోనూ 20 × 10లోనూ పెట్టి చూడాలనుకుంటున్నాను. తూకం వేసేటప్పుడు ఏమి గమనించాలి?

మోజెర్ల_విద్యార్థిని:
ఆ బెడ్లను పక్కపక్కనే కాకుండా పొలంలో తలా ఒకచోట పెట్టండి, లేకపోతే నేల తేడాను దూరం తేడాగా పొరబడే ప్రమాదం ఉంది. నీళ్లు, ఎరువులు మూడింటికీ సమానంగా ఇవ్వండి. బెడ్డు అంచు సాళ్లు, రెండు చివర్లలో అర మీటరు వదిలేసి నడిమి భాగం మాత్రమే తూకం వేయండి. సన్నవి, మీడియం, పెద్దవి, జంటవి వేరు చేసి తూచండి.

తుంగభద్ర_ఒడ్డు (అలంపూర్):
కోత కూడా వేరువేరుగా చేయాలి అన్నా. 10 × 10 బెడ్లలో మెడలు ముందు వాలుతాయి, 20 × 10 బెడ్లు ఇంకా పచ్చగానే ఉంటాయి. సగం మొక్కల మెడలు వాలిన బెడ్డును దాని లెక్కన అది పీకండి. పీకడానికి పది, పన్నెండు రోజుల ముందే దానికి నీళ్లు ఆపాలి. బెడ్డు బెడ్డుకూ పైపు మొదట్లో నీళ్లు కట్టేసుకునే వాల్వు ఉంటేనే ఇది సాధ్యం. పీకినవాటిని ఆకుతోనే మూడు నాలుగు రోజులు పొలంలో వరుసగా పేర్చి, ఒక వరుస ఆకు పక్క వరుస గడ్డల మీద పడేలా కప్పండి, ఎండ నేరుగా తగిలితే గడ్డ మాడుతుంది. ఆ తర్వాత రెండు, రెండున్నర సెంటీమీటర్ల మెడ వదిలి కోసి, నీడలో రెండు వారాలు ఆరబెట్టాకే తూకం వేయండి. పచ్చి మెడతో తూస్తే 20 × 10 బెడ్లు ఉత్తుత్తినే ముందున్నట్టు కనిపిస్తాయి.